పొడవాటి ఇంగ్లీషు మాట ఎక్కడ విరుగుతుంది?

క్లుప్తంగా: పొడవాటి ఇంగ్లీషు మాటకు మూడు రకాల విరుపులు ఉంటాయి. నోట్లో సిలబుళ్లుగా విరిగేది ఒకటి, అర్థాన్ని బట్టి ఉపసర్గ, ధాతువు, ప్రత్యయాలుగా విడిపోయేది ఇంకొకటి, పుస్తకంలో లైను చివర గీత పెట్టి విరిచేది మూడోది. ఇవి చాలాసార్లు ఒకే చోట పడవు, తికమకంతా అక్కడే మొదలవుతుంది. ఏ సిలబుల్‌ను నొక్కి పలకాలన్నది మాత్రం ఎక్కువగా మాట చివరి భాగమే తేలుస్తుంది. ఆ లెక్కలో తెలుగు ఛందస్సు గురులఘువులు బాగా అక్కరకొస్తాయి.

ఫొటోగ్రఫీ అనే మాటను ఒక అమెరికన్ డిక్షనరీలో తీసి చూస్తే నాలుగు ముక్కలు కనిపిస్తాయి, మధ్యలో చుక్కలతో. అందులో 'జి' లెటర్ రెండో ముక్క చివర ఉంటుంది. అదే డిక్షనరీ పక్కనే ఇచ్చే ఉచ్చారణ గుర్తుల్లో మాత్రం ఆ 'గ' శబ్దం మూడో ముక్క మొదట్లోకి జరిగిపోయి 'గ్ర' అవుతుంది. మాట పుట్టుక చెప్పే చోటుకు వెళ్తే అసలు నాలుగు ముక్కలే లేవు, వెలుగు అనే అర్థమున్న గ్రీకు ముక్క ఒకటి, రాయడం అనే అర్థమున్న ముక్క ఇంకొకటి, అంతే. ఒకే మాటకు ఒకే పేజీలో మూడు లెక్కలు. వీటిలో ఏదీ తప్పు కాదు. మూడు వేరు వేరు ప్రశ్నలకు మూడు జవాబులు అవి. వాటిని ఒకే ప్రశ్న అనుకుని చదివేవాళ్లకే టెన్షన్.

నోటి లెక్క

సిలబుల్‌కు ఆధారం అచ్చు శబ్దం. మాటలో ఎన్ని అచ్చులు వినిపిస్తే అన్ని సిలబుళ్లు, లెటర్లు ఎన్ని ఉన్నాయన్నది అనవసరం. 'స్ట్రెంగ్త్స్' అనే మాటలో తొమ్మిది లెటర్లు ఉన్నా సిలబుల్ ఒక్కటే. 'ఏరియా'లో లెటర్లు నాలుగే, సిలబుళ్లు మూడు. ఒక్కోసారి అచ్చు లేకుండానే 'ల్', 'న్' లాంటి హల్లు సిలబుల్‌ను మోస్తుంది, బాటిల్, బటన్ అనే మాటల చివర జరిగేది అదే.

తెలుగు రాతకు అలవాటుపడిన కంటికి ఇక్కడ ఒక చిక్కుంది. మనం అక్షరాన్నీ సిలబుల్‌నూ ఒకటే అనుకుంటాం, కానీ కాదు. 'అంతర్జాతీయ' అని రాసినప్పుడు 'ర్' వెళ్లి 'జా'తో కలిసి 'ర్జా' అవుతుంది. పలికినప్పుడు నోరు ఆగేది 'తర్' దగ్గర, 'జా' కొత్తగా మొదలవుతుంది. అంటే రాతలో విరుపు ఒక చోట, నోట్లో ఇంకో చోట. మన భాషలోనే ఈ తేడా ఉందని గుర్తిస్తే ఇంగ్లీషులో అది అంత వింతగా అనిపించదు.

రెండు అచ్చుల మధ్య నాలుగైదు హల్లులు చిక్కుకున్నప్పుడు ఏవి ఎటు వెళ్తాయి? భాషాశాస్త్రంలో దీనికి బాగా వాడుకలో ఉన్న సూత్రం ఒకటుంది. ఒక హల్లుల గుంపు ఇంగ్లీషు మాట మొదట్లో రాగలిగేదైతే, అది తర్వాతి అచ్చుకే చెందుతుంది. ఇంగ్లీషు మాట మొదట్లో మూడు హల్లులు కలిసి రావాలంటే మొదటిది 'స్' అయి తీరాలి: స్ట్ర, స్ప్ర, స్క్ర, స్ప్ల, ఇలా. అందుకే 'ఎక్స్‌ట్రా' నోట్లో 'ఎక్', 'స్ట్రా' అని విరుగుతుంది, డిక్షనరీ చుక్క మాత్రం 'ఎక్స్' తర్వాత పడుతుంది. ఈ విరుపు చెవికి నిజంగా వినిపించేదే. 'నైట్రేట్' అనే రసాయనం పేరునూ, రాత్రి ధర అనే అర్థంలో 'నైట్ రేట్' అనే రెండు మాటలనూ ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లతో పలికించి చూడండి. శబ్దాలు అవే, వరస అదే. కానీ మొదటిదాంట్లో 'ట్' వెళ్లి 'ర'తో కలిసి ఇంచుమించు 'చ్ర' లాగా వినిపిస్తుంది, రెండోదాంట్లో 'ట్' గొంతులోనే ఆగిపోతుంది.

ఒకే ఒక్క హల్లు ఉన్నప్పుడు వ్యవహారం ఇంకా ముదురుతుంది. 'డీమన్', 'లెమన్' రెండూ మొదటి లెటర్ తప్ప స్పెల్లింగులో ఒకటే. ఒకదాంట్లో మొదటి అచ్చు దీర్ఘం, దాని తర్వాతే విరుపు. రెండోదాంట్లో అచ్చు పొట్టిది, నొక్కి పలికేది కాబట్టి అది 'మ్'ను తన దగ్గరే పట్టుకుంటుందని డిక్షనరీలు లెక్కేస్తాయి. స్పెల్లింగు చూసి ఏది ఎటో తేల్చే మార్గం లేదు. పిల్లలకు చదవడం నేర్పేటప్పుడు చెప్పే సిలబుల్ నియమాల్లో 'మధ్యలో రెండు హల్లులుంటే వాటి నడుమ విరువు' అనేది బాగానే పనిచేస్తుంది, 'ఒక హల్లుంటే దాని ముందు విరువు' అనేది మాత్రం తరచూ దెబ్బతింటుంది. దాన్ని నియమంగా కాకుండా, ముందు ఇలా పలికి చూడు, తెలిసిన మాటలా వినిపించకపోతే అలా పలికి చూడు అని చెప్పడమే మేలు.

సిలబుళ్ల సంఖ్య కూడా స్థిరం కాదు. చాక్లెట్ స్పెల్లింగులో మూడు, మామూలు మాటల్లో రెండు. కంఫర్టబుల్, వెజిటబుల్ రెండూ నాలుగుగా కనిపిస్తాయి, వేగంగా మాట్లాడేవాళ్ల నోట్లో మూడుగా మిగులుతాయి.

అర్థం లెక్క

మహేశ్వరుడు అనే మాటను విడదీయమంటే బడిపిల్లలు కూడా మహా, ఈశ్వరుడు అంటారు. పలకమంటే మాత్రం 'మ', 'హే' అని మొదలుపెడతారు. ఆ 'హే'లో ఒక మాట చివరా, ఇంకో మాట మొదలూ కలిసిపోయాయి. ఇంగ్లీషు పొడవాటి మాటల్లో జరిగేది దీనికి దగ్గరిదే, కాకపోతే అక్కడ మారేది ఎక్కువగా హల్లు. అచ్చుతో మొదలయ్యే ప్రత్యయం వచ్చి చేరితే దాని ముందున్న ముక్క చివరి హల్లును తన వైపు లాక్కుంటుంది. హల్లుతో మొదలయ్యే ప్రత్యయమైతే దేన్నీ కదిలించదు. 'కైండ్‌నెస్'లో అర్థం విరుపూ నోటి విరుపూ ఒకే చోట పడతాయి. 'బేకర్'లో అర్థం 'బేక్' తర్వాత విరుగుతుంది, నోరు 'బే' తర్వాత విరుస్తుంది. రెండు లెక్కలూ కలవకపోవడానికి ముఖ్యమైన కారణం ఇదే, దీన్ని పట్టుకుంటే చాలా చిక్కులు విడిపోతాయి.

నోటి విరుపుకు ఎంత బలముందంటే అది కొత్త మాటలను కూడా పుట్టిస్తుంది. హెలికాప్టర్ గ్రీకు ముక్కలతో కట్టిన మాట, 'హెలికో' అంటే స్క్రూలాగా మెలితిరిగినది, 'ప్టర్' అంటే రెక్క. ఇంగ్లీషులో ఏ మాటా 'ప్ట్' గుంపుతో మొదలైనట్టు పలకరు కాబట్టి జనం దాన్ని 'హెలి', 'కాప్టర్' అని విన్నారు. ఆ తప్పు విరుపులోంచే 'హెలిప్యాడ్', 'హెలిపోర్ట్' వచ్చాయి, 'కాప్టర్' ఒక్కటే విడిగా మాటైంది. హాంబర్గర్ కూడా అంతే. జర్మనీలోని హాంబర్గ్ నగరం పేరుకు 'అర్' చేరిన మాట అది, ఇప్పుడు 'బర్గర్' దానంతట అదే ఒక తిండి పేరు, ముందు ఏ మాట కావాలంటే ఆ మాట పెట్టుకోవచ్చు.

ఊనికను తేల్చేది తోక

స్ట్రెస్ అనే దాన్ని తెలుగులో ఊనిక అంటారు. ఊనిక పడిన సిలబుల్ కాస్త పొడవుగా, గట్టిగా, చాలాసార్లు పైస్థాయిలో వినిపిస్తుంది. తెలుగులో మాట అర్థాన్ని ఊనిక మార్చదు, అన్ని సిలబుళ్లనూ ఇంచుమించు సమానంగా పలికినా ఇబ్బంది లేదు. ఇంగ్లీషులో అలా కుదరదు. 'రికార్డ్' అనే మాటలో మొదటి సిలబుల్ నొక్కితే నామవాచకం, రెండోది నొక్కితే క్రియ. వినేవాళ్లు మాటను గుర్తుపట్టేది చాలావరకు ఊనిక ఆకారాన్ని బట్టే, అది తప్పిపోతే ప్రతి శబ్దమూ సరిగ్గా పలికినా అవతలివాళ్లు మళ్లీ చెప్పమంటారు.

మరి ఏ సిలబుల్‌ను నొక్కాలో ఎలా తెలుస్తుంది? మాట మొదలు చూసి కాదు, చివర చూసి. 'ఫొటోగ్రాఫ్'లో ఊనిక మొదటి 'ఫో' మీద. 'ఫొటోగ్రఫీ' అనగానే రెండోదానికి జరుగుతుంది. 'ఫొటోగ్రాఫిక్' అంటే మూడోదానికి, 'గ్రా' మీదికి వెళ్తుంది. ధాతువులు అవే, తోక మారితే చాలు ఊనిక లేచి వెళ్లిపోతుంది.

ఈ తోకల్లో మూడు జాతులున్నాయి. 'షన్', 'ఇక్', 'ఇటీ', 'ఇయన్', 'లజీ', 'గ్రఫీ' లాంటివి ఊనికను తమకు సరిగ్గా ముందున్న సిలబుల్ మీదికి రప్పిస్తాయి. మ్యూజిక్‌లో మొదటిదాని మీద ఉన్న ఊనిక మ్యుజీషియన్‌లో రెండోదాని మీదికి రావడం అందుకే. 'నెస్', 'లెస్', 'ఫుల్', 'లీ', 'ఇంగ్' వచ్చి చేరినా ఊనిక ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ఇక 'ఈ', 'ఈర్', 'ఈజ్' తామే ఊనికను తీసుకుంటాయి, రెఫ్యూజీ, ఇంజనీర్, జపనీస్ మాటల్లో నొక్కు చివరనే పడుతుంది. ఈ తేడా వెనక చరిత్ర ఉంది. ఊనికను కదిలించని తోకలు ఎక్కువగా పాత ఇంగ్లీషువి. కదిలించేవి 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక ఫ్రెంచి ద్వారా, ఆ తర్వాత పండితుల లాటిన్, గ్రీకు ద్వారా వచ్చినవి, తమ ఊనిక పద్ధతిని కూడా వెంట తెచ్చుకున్నాయి. హద్దు మరీ కచ్చితమేమీ కాదు, ఫ్రెంచి నుంచి వచ్చిన 'మెంట్' దేన్నీ కదిలించని జట్టులో కలిసిపోయింది. 'ఇక్' నియమానికీ మినహాయింపులున్నాయి: పాలిటిక్స్, అరబిక్, కాథలిక్, అరిథ్మెటిక్.

ఒక మాటను దగ్గర పెట్టుకుని చూద్దాం. ఇంటర్నేషనలైజేషన్. అమెరికన్ స్పెల్లింగులో 20 లెటర్లు, సాఫ్ట్‌వేర్ రంగంలో దీన్ని మొదటి లెటర్, 18 అంకె, చివరి లెటర్‌గా కుదించి రాస్తారు. దీని కడుపులో ఉన్నది 'నేషన్'. 'అల్' చేరగానే నేషనల్, ఇక్కడ ఊనిక కదల్లేదు గానీ అచ్చు మారిపోయింది, ఇంగ్లీషువాళ్ల నోట్లో అది 'న్యాషనల్'. తెలుగులో నేషనల్ అని రాసేది నేషన్‌ను మనసులో పెట్టుకునే. 'ఐజ్' చేరినా ఊనిక అక్కడే. 'ఏషన్' చేరగానే మొత్తం తలకిందులు, ప్రధానమైన నొక్కు చివర 'షన్' ముందున్న 'జే' మీదికి పోతుంది, పాత నొక్కు బలం తగ్గి ఉపఊనికగా మిగులుతుంది, అన్నిటికంటే ముందున్న 'ఇన్' మీద కూడా ఇంకో చిన్న నొక్కు పడుతుంది. అర్థం ముక్కలు ఐదు, సిలబుళ్లు ఎనిమిది, గట్టి నొక్కు ఒక్కటి. ఎదుటివాళ్లకు అర్థమయ్యేలా పలకాలంటే ఎనిమిదింటినీ సమానంగా తూకం వేయకుండా ఆ ఒక్కదాన్ని నిలబెట్టాలి.

గురులఘువులు ఇక్కడ కూడా

తోక ఏదీ కనిపించని నామవాచకాల సంగతేమిటి? అజెండా, కెనడా, ఫార్ములా లాంటివి. వీటికి లాటిన్ నుంచి వచ్చిన పద్ధతి ఒకటుంది, తెలుగు పాఠకులకు దాన్ని చెప్పడం చాలా తేలిక. చివరి సిలబుల్‌ను లెక్కలోంచి తీసేయాలి. దాని ముందున్నది గురువైతే ఊనిక దాని మీదే. లఘువైతే ఇంకో అడుగు వెనక్కి.

గురువు అంటే పద్యాల్లో నేర్చుకున్నదే: దీర్ఘం ఉన్నా, సున్నా ఉన్నా, పొల్లు హల్లు ఉన్నా, తర్వాత సంయుక్తమో ద్విత్వమో వచ్చినా గురువు. లాటిన్ వ్యాకరణంలో బరువైన సిలబుల్‌కు చెప్పే లక్షణాలు దాదాపు ఇవే. అజెండాలో 'డా' తీసేస్తే 'జెం' గురువు, ఊనిక అక్కడే. ప్రొపగాండాలో 'గాం'. అరోమాలో 'రో'. పొటాటోలో 'టా'. వెనిల్లాలో 'ల్లా' ముందున్న 'ని', అంబ్రెల్లాలో 'బ్రె'. కెనడాలో 'డా' తీసేస్తే 'న' లఘువు, కాబట్టి ఊనిక 'కె' మీదికి. సినిమాలో 'సి', కెమెరాలో 'కె', స్టామినాలో 'స్టా', ఫార్ములాలో 'ఫా'. అమెరికాలో 'రి' లఘువు, అందుకే 'మె'. మలేరియా, బ్యాక్టీరియా, ఎన్‌సైక్లోపీడియా అన్నిటిలోనూ చివరి నుంచి రెండోది లఘువే, ఊనిక మూడోదాని మీద పడుతుంది: 'లే', 'టీ', 'పీ'. తెలుగు స్పెల్లింగులో రాసుకుంటే ఈ లెక్క ఇంగ్లీషు స్పెల్లింగులో కంటే స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే మన లిపి దీర్ఘాన్నీ ద్విత్వాన్నీ దాచిపెట్టదు.

అన్నిచోట్లా నిలబడే సూత్రం కాదిది. క్యాలెండర్‌లో 'లెం' గురువే అయినా ఊనిక మొదటి సిలబుల్ మీద. సిలిండర్, కార్పెంటర్ కూడా ఆ బాపతే. రెండు విడి మాటలు కలిసిన సమాసాలకు దీన్ని పెట్టకూడదు. అయినా తెలియని మాట ఎదురైనప్పుడు గుడ్డిగా ఊహించడం కంటే ఇది ఎన్నో రెట్లు నయం.

మరి ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్ల మధ్యనే తేడాలెందుకు? పోటీపడే నియమాలు ఒకటికంటే ఎక్కువ ఉన్నాయి కాబట్టి. కిలోమీటర్‌ను కొందరు 'కి' మీద నొక్కుతారు, సెంటీమీటర్‌తో జత కలిపి. కొందరు 'లో' మీద నొక్కుతారు, థర్మామీటర్, బారోమీటర్ లాంటి పరికరాల పేర్లతో జత కలిపి. ల్యాబొరేటరీని అమెరికాలో మొదటి సిలబుల్ మీద నొక్కితే, బ్రిటన్‌లో రెండోదాని మీద నొక్కి చివర్లో ఒక అచ్చును మింగేస్తారు.

నొక్కని అచ్చు, స్పెల్లింగు తప్పులు

ఊనిక లేని సిలబుల్‌లో అచ్చు తన రంగు కోల్పోతుంది. స్పెల్లింగులో ఏ అచ్చున్నా నోట్లో నోరు సగం తెరిచిన పొట్టి 'అ' లాంటి శబ్దం మిగులుతుంది, దాన్ని ష్వా అంటారు. ఇంగ్లీషు మాటల్లో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే అచ్చు ఇదే. 'గ్రామర్' చివర ఏ లెటర్ రాయాలో చెవి చెప్పలేకపోవడానికి కారణం ఇదే, స్పెల్లింగు తప్పులు ఎక్కువగా పడేవి ఇలాంటి చోటే.

దీనికి మందు ఆ మాట చుట్టాల్లోనే దొరుకుతుంది. 'గ్రమ్యాటికల్' అన్నప్పుడు ఊనిక ఆ రెండో అచ్చు మీదికి వస్తుంది, దాచిపెట్టిన 'ఎ' లెటర్ బయటపడుతుంది. 'మెడిసిన్' రెండో సిలబుల్‌లో 'ఐ' లెటరా 'ఇ' లెటరా అన్న అనుమానం 'మెడిసినల్' అంటే తీరుతుంది. 'సైన్'లో పలకని 'జి' 'సిగ్నేచర్'లో పలుకుతుంది. ఇంగ్లీషు స్పెల్లింగు శబ్దానికంటే ధాతువుకే ఎక్కువ విధేయంగా ఉంటుంది, అందుకే పొడవాటి మాటల స్పెల్లింగును ఒంటరిగా బట్టీపట్టడం కంటే కుటుంబంతో కలిపి నేర్చుకోవడం చాలా మంచిది.

లైను చివర గీత

డిక్షనరీ చుక్కల గురించి చాలామందికి ఉన్న అపోహ అవి సిలబుళ్లు చూపిస్తాయని. నిజానికి అవి లైను చివర మాటను ఎక్కడ విరవొచ్చో చెప్పే గుర్తులు. 'అగెయిన్'లో సిలబుళ్లు రెండు, అయినా కొన్ని డిక్షనరీల్లో చుక్క ఉండదు, ఎందుకంటే ఒక్క లెటర్‌ను లైను చివర వదిలేయడం ముద్రణలో బాగుండదు.

ఈ విషయంలో అమెరికా, బ్రిటన్ దారులు కూడా కొంత వేరు. అమెరికన్ నిఘంటుకర్త నోవా వెబ్‌స్టర్ 1783లో వేసిన స్పెల్లింగు పుస్తకంలో పాత పద్ధతిని మార్చి, పలికే తీరును బట్టి విరవాలన్నాడు: 'హ్యాబిట్'ను 'ఎ' తర్వాత కాకుండా 'బి' తర్వాత, 'క్లస్టర్'ను 'యు' తర్వాత కాకుండా 'ఎస్' తర్వాత. అమెరికన్ సంప్రదాయం మొత్తంమీద ఆ దారిలోనే సాగింది. బ్రిటిష్ సంప్రదాయం మాట పుట్టుకకు ఎక్కువ విలువిచ్చింది, 'నాలెడ్జ్'ను తెలుసుకోవడం అనే అర్థమున్న 'నో' ధాతువు చెడకుండా విరిచింది. గీత తప్పు చోట పడితే అర్థమే మారిపోతుంది. నరహత్య అనే అర్థమున్న 'మ్యాన్‌స్లాటర్'లో గీత ఒక్క లెటర్ పక్కకు జరిగితే చదివేవాళ్లకు ముందు కనిపించేది మగవాళ్ల నవ్వు.

కంప్యూటర్లకు ఈ పని బాగా నేర్పింది ఫ్రాంక్ లియాంగ్, స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ దగ్గర చేసిన పరిశోధనలో, 1983లో. మాటల జాబితా మొత్తం దాచుకోకుండా, ఏ లెటర్ల వరసలో గీత రావొచ్చో, ఏ వరసలో రాకూడదో చెప్పే 4,500 దాకా నమూనాలు తయారుచేశాడు. అవి ఒక పాకెట్ డిక్షనరీలోని గీతల్లో 89 శాతం కనిపెట్టాయి, తప్పు గీతలు దాదాపు లేకుండా. టెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో మొదలైన ఈ పద్ధతి తర్వాత ఎన్నో ప్రోగ్రాముల్లోకి వెళ్లింది. అయితే లెటర్లు మాత్రమే చూసే ఏ పద్ధతికైనా 'రికార్డ్' దగ్గర అడ్డంకే. నామవాచకమైతే 'సి' తర్వాత విరవాలి, క్రియైతే 'సి' ముందు. వాక్యం అర్థమైతే తప్ప అది తేలదు.

45 లెటర్ల మాట

ఈ లెక్కలన్నీ ఒకేసారి పెట్టి చూడటానికి ఇంగ్లీషు డిక్షనరీల్లోని అతి పొడవాటి మాటల్లో ఒకటి పనికొస్తుంది. న్యూమనోఅల్ట్రామైక్రోస్కాపిక్‌సిలికోవాల్కేనోకోనియోసిస్. లెటర్లు 45. అమెరికాలోని పజిల్ ప్రియుల సంఘం నేషనల్ పజ్లర్స్ లీగ్ అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ 1935లో పొడవాటి మాట కావాలనే దీన్ని కట్టాడు. అర్థం ముక్కలు ఇవి: ఊపిరితిత్తులు, మించిన, సూక్ష్మమైన, సిలికా, అగ్నిపర్వతం, దుమ్ము, జబ్బు. అగ్నిపర్వతాల సిలికా దుమ్ము పీల్చడం వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు అన్నమాట.

పలకడానికి తోక పట్టుకోవాలి. చివరిది 'సిస్', దాన్ని పక్కన పెడితే ముందున్నది 'ఓ', గురువు. ప్రధాన ఊనిక అక్కడే, డయాగ్నోసిస్, ట్యుబర్క్యులోసిస్ మాటల్లో లాగానే. అక్కడి నుంచి వెనక్కి వెళ్తే ఉపఊనికలు దాదాపు రెండేసి సిలబుళ్లకు ఒకటి చొప్పున పడతాయి, మొత్తం 19 సిలబుళ్లు ఈ గుంపులుగా సర్దుకుంటాయి: న్యూమనో, అల్ట్ర, మైక్ర, స్కాపిక్, సిలికోవాల్, కేనో, కోని, ఓసిస్. ప్రతి గుంపులోనూ మొదటి సిలబుల్‌ను కాస్త నొక్కి, మిగతావి తేలిగ్గా వదిలేస్తే మాట ఇబ్బంది లేకుండా నోట్లోంచి వచ్చేస్తుంది. ఈ గుంపుల్లో అగ్నిపర్వతం సరిగ్గా మధ్యకు తెగిపోయి 'వాల్' ఒక పక్కకు, 'కేనో' ఇంకో పక్కకు వెళ్లాయి. అర్థం లెక్కలో అది ఒకే ముక్క. నోటి లెక్కలో ఊనిక 'కే' మీద ఉంది కాబట్టి కొత్త గుంపు అక్కడి నుంచే మొదలవుతుంది.